రాయనివ్వని షరతు

సముద్రం పెట్టిన తిప్పలు ఒక ఎత్తు, ఆ కంప్యూటర్ కుర్రాడు సాయిశంకర్ పెట్టిన తిప్పలు ఒక ఎత్తు అంటాడు భీమిలి బోటు ఓనర్ల పెద్ద దుర్గారావు.

విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల బోటు ఓనర్లందరికీ కలిపి ఒకటే ప్రోగ్రాం. ఏ బోటు వేటకెళ్ళింది, ఏ రేవుకి చేరింది, అందరికీ ఫోన్లో కనబడాలి. అంతే పని.

పైసా అడగకుండా తనంతట తనే వచ్చాడు కదాని సాయిశంకర్‌ని రానివ్వడమే తప్పయింది. ఎప్పుడేం చూపించాలో ముందు షరతులన్నీ పొల్లు పోకుండా రాసుకోవాలట. మూడు రేవులవాళ్ళూ ఒప్పుకున్నాకే ప్రోగ్రాం మొదలట. వేసవి వేట నిషేధం అయిపోవచ్చినా రేవు షెడ్డులో కూర్చుని ఇంకా ప్రశ్నలే.

“బోటు వెళ్ళిందంటే ఎప్పుడండీ? తాడు విప్పాకా, ఇంజిన్ స్టార్టయ్యాకా?”

“ఓర్నాయనా! పుట్టినకాణ్ణుంచి బోట్లే సూత్తన్నాను నాను. ఎల్లిందంటే ఎల్లిందే. ఇందులో ఏటుంది?”

“కంప్యూటర్‌కి మీలాగ కళ్ళుండవు కదండీ. సరే, వేరే రేవుకి చేరితే?”

“ఆ రేవోళ్ళు పోన్లో నొక్కుతారు.”

“అసలు రాకపోతే?”



వేటకెళ్ళేవాణ్ణి ఎప్పుడొస్తావని కూడా అడగరు రేవులో, అపశకునమని. చేపలమ్మే కాసులమ్మ తట్ట దించి తుపుక్కున ఉమ్మింది.

“అది నోరా, తాటిమట్టా? బేగి నోరు కడుక్కోరా బాబూ!”

బోటు నడిపే తాతబాబు, దుర్గారావు తమ్ముడు, నవ్వేశాడు. “పోన్లే, ఒగ్గీ అన్నియ్యా. సదువుకున్నోడు. ఉప్పునీళ్ళు నోట్లో పడ్డోడు కాడు.”

“ఒక్క షరతండీ. ఎన్నాళ్ళు చూసి వెతకడం మొదలెట్టాలో...”

“ఆ మాట లేకుండా రాత్తే రాయి. లేపోతే లెగు!”

సాయిశంకర్ లేవలేదు. దుర్గారావే లాప్‌టాప్ మూసి అతని చేతిలో పెట్టి, గేటుదాకా నెట్టుకొచ్చాడు.

మిగతా షరతులు అందరూ ఒప్పుకున్నారు. ఆ ఒక్కటీ కొట్టేయించి, ఇంకొకణ్ణి పెట్టి ప్రోగ్రాం చేయించేశారు.

నిషేధం ఎత్తేశాక తాతబాబు బోటు వెళ్ళింది. వెళ్ళాక గాలి తిరగబడింది.

కాకినాడ చేరుంటాడని విశాఖవాళ్ళు అనుకున్నారు. విశాఖ చేరుంటాడని కాకినాడవాళ్ళు అనుకున్నారు. ఫోన్లో మాత్రం ‘వేటలో ఉంది’ అని పచ్చగా వెలుగుతూనే ఉంది. మార్చమని దానికి ఎవరూ చెప్పలేదు మరి.

వెతకడం మొదలెట్టేసరికి వలకి కట్టిన బెండ్లు తప్ప ఏమీ దొరకలేదు.

ఇప్పుడైనా ఆ షరతు రాసిపెట్టమని అడగడానికి దుర్గారావు తగరపువలస వెళ్ళాడు. సాయిశంకర్ ఇంట్లో లేడు. అతని తల్లి తలుపు తీసింది. నుదుట రూపాయంత బొట్టు, చేతినిండా గాజులు.

దుర్గారావు అరచేతుల్లో తాళ్ళు లాగి కాసిన కాయలు చూసి, ఆమె ఆత్రంగా గడప దాటి వచ్చేసింది.

“బోటోళ్ళేటి బాబూ? మా ఆయన కబురేటైనా తెచ్చారేటి? మా శంకరం కడుపులో ఉన్నప్పుడు ఏటకెళ్ళారు.”