చెడిపోయిన కాపీలు

"బాబాయ్, సగం పేజీలు తలకిందులుగా కొట్టావ్!"

ఇస్త్రీ బండి ఆమె కూతురు కాగితాల కట్టను జిరాక్స్ షాపు బల్ల మీద పడేసింది.

"చెడిపోయినవే కదా కలెక్టరమ్మా! తిప్పుకుని చదువుకో. చెయ్యి అరిగిపోదులే."

"రోజూ ఇన్ని చెడిపోతాయేంటి? జ్వరం మెషీన్‌కా, నీకా?"

"ఇద్దరికీ. పో పో, జనం ఉన్నారు."

షాపు ఎదురుగా పెద్ద కోచింగ్ సెంటర్. అక్కడి పిల్లలు నోట్సు కాపీలకు ఇక్కడికే వస్తారు.

ఈ పిల్లకు ఆ గేటు దాటే స్తోమత లేదు. చదివే సర్కారు కాలేజీలో లెక్కల సారు బదిలీ అయి రెండేళ్ళు. కొత్తాయన రానేలేదు. ఇంజనీరింగ్ సీటుకు పరీక్ష మాత్రం అందరికీ ఒకటే. దీన్ని సమానత్వం అంటారు, సిగ్గులేకుండా!

మొదట్లో ఇలాంటి కట్టను ఇస్త్రీ బట్టలు చుట్టడానికే తీసుకెళ్ళింది. చొక్కా మడతలో పెట్టబోతే కంటబడింది ఒక లెక్క. దాని కిందే, చేసే దారి.

ఆ రోజు చొక్కాలు కాగితం లేకుండానే వెళ్ళాయి.

రెండేళ్ళు రోజూ సాయంత్రం ఒక కట్ట. ఒక్క పనికిమాలిన పేజీ ఉండేది కాదు. బాబాయ్ ఎంత చదివినవాడో, ఇక్కడొచ్చి పడ్డాడు పాపం అనుకునేది.

పరీక్ష అయ్యాక కాగితాలతో పనిలేక అటు వెళ్ళనేలేదు.

సీటొచ్చింది. ఆ మాట విని తల్లి ఎవరిదో చొక్కా కాల్చేసింది.

పిల్ల షాపుకు పరుగెత్తింది. బల్ల వెనక ఆయన భార్య.

"పిన్నీ, బాబాయేడీ? సీటొచ్చింది!"

"లేడమ్మా. గుండె ఆగింది. నెలైంది."

పిల్ల బల్ల పట్టుకుంది.

"దండం పెడదామని వచ్చాను పిన్నీ. కావాలనే తీసిచ్చేవాడని నాకు తెలుసు. ఒక్కసారీ చెప్పలేకపోయాను."

"ఆయనకి తెలుసులే. నువ్వు రాకపోతే, పరీక్ష బాగా రాసుంటుంది, అందుకే రావట్లేదని మురిసిపోయేవాడు."

"ముఖ్యమైనవే ఏరి ఇచ్చేవాడు పిన్నీ. ఎంతవరకు చదివాడు?"

ఆమె కళ్ళొత్తుకుంటూ నవ్వింది.

"చదువా? మీ బాబాయిది వేలిముద్రే తల్లీ! డబ్బున్న పిల్లలు ఏ పేజీని ఎక్కువ చదివి నలిపితే అదే గొప్పదని, దానికే నీకోసం ఇంకో కాపీ తీసేవాడు."