తప్పులు కలిపే పని

నేనూ అమ్మమ్మా చేటల్లో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుండగా కంపెనీ నుంచి సన్యాసిరావు గారు వచ్చారు. నా ఉద్యోగం ఈ పనికి సరిగ్గా తలకిందులు. కంప్యూటర్లు కట్టే పాటలు మరీ నున్నగా ఉన్నాయని జనం విసుక్కుంటారు కనుక, వాటిని నా గొంతుతో పాడి మనిషి తప్పులు కలుపుతాను. ఒకచోట తాళం తడబడాలి, ఇంకోచోట ఊపిరి చాలకూడదు. బడిలో ప్రార్థన పాడేటప్పుడు పంతులమ్మ నన్ను వెనక వరసకు పంపింది ఈ తప్పులకే. మూడేళ్ళుగా అవే నాకు అన్నం పెడుతున్నాయి.

"ఇప్పుడు యంత్రమే మీలా తప్పులు చేస్తోందమ్మా. మీ ఇంట్లోవాళ్ళు మీ పాటను గుర్తుపడితే ఉద్యోగం ఉంటుంది," అంటూ ఆయన నాదొకటి, యంత్రానిదొకటి, రెండు పాటలు వినిపించారు.

రెండూ విని అమ్మమ్మ చేట పక్కన పెట్టింది. "మొదటిదేనండి బాబూ, మా గుంటది, మా పిల్లది! చరణం చివర ఇలాగే జారిపోతాది. ఆ రెండోది ఎవులో గాని, కావాలని తప్పు పాడినట్టుంది."

రెండోది నాది. సిగ్గేమిటంటే, మొదటిది విని నేనూ నాదే అనుకుని తల ఊపాను.

సన్యాసిరావు గారు టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.