గుమ్మం ముందు తెల్లపొడి

కిర్ర్...

వసారాలో ఎవరో నడిచారు. మంచం మీద బాబు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

"నాలుగోసారండీ!" తల్లి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పది నెలల పిల్లాడు. జ్వరం తగ్గి రెండు రోజులే అయింది. వారంగా వాడికీ నిద్ర లేదు, ఆమెకీ లేదు.

పెళ్ళిరోజున ఒక్క పూటయినా తెరిపిన పడుతుందని భర్త ఈ గది తీసుకున్నాడు. నూరేళ్ళనాటి సత్రం. చెక్క నేలతో సహా పాత అందం పోకుండా బాగుచేశారు.

"నేల కూడా పాడుతుందని చెప్పలేదు వీళ్ళు," అన్నాడు భర్త.

"మీకు నవ్వులాటగా ఉంది. భోజనం తెచ్చి అరగంటయింది. వీడు పడుకుంటేగా మనం తినేది!"

తలుపు చప్పుడైంది. ఎదురుగది పెద్దాయన. చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మా, బాబు పౌడర్ కొంచెం ఇస్తావా?"

"పౌడరా? మీకెందుకండీ?"

"నాక్కాదమ్మా, ఇక్కడ ఈ..."

ఆమె తలుపు వేసేసింది.

"చెప్పులు చేతిలో పెట్టుకుని పిల్లిలా తిరుగుతున్నాడు. పిల్లాడి పౌడర్ కావాలట!"

"పెద్దవయసు కదే. ఏదో చాదస్తం."

ఆమెకి మనసాగలేదు. కాసేపటికి తలుపు ఓరగా తీసి చూసింది.

పెద్దాయన వాళ్ళ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రంగు వెలిసిన డబ్బాలోంచి తెల్లటి పొడి చల్లి వేలితో రుద్దుతున్నాడు.

"ఏవండీ! చీమల మందో ఏమో చల్లుతున్నాడు. పాకే పిల్లాడు, నోట్లో పెట్టుకుంటే?"

ఫోన్ చేసింది. కౌంటర్లో ఉండే కుర్రాయన పరుగున పైకొచ్చాడు. పనిలో చేరి నెల కాలేదు.

"ఆయన్నయినా పంపండి, మమ్మల్నయినా పంపండి," అంది ఆమె.

"ఏంటండీ ఇది?" కుర్రాయన డబ్బా లాక్కుని కిటికీ గట్టు మీద పెట్టాడు. "వెనకవైపు గదికి మారిపోండి, వెంటనే!"

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. లోపల బాబు మూలిగాడు. ఆయన గబుక్కున నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

"గట్టిగా అరవకు నాయనా. పిల్లాడు ఇప్పుడే కళ్ళు మూశాడు. నేనే వెళ్ళిపోతాలే."

గట్టు మీది డబ్బా వైపు ఒకసారి చూసి, సంచి తెచ్చుకుని మెట్లు దిగాడు.

పైకి కనపడే పొడినంతా ఆమె తడిగుడ్డతో తుడిచేసింది. చెక్కల సందుల్లోకి దిగింది మాత్రం ఉండిపోయింది.

ఆ తర్వాత బాబు మళ్ళీ లేవలేదు. చల్లారిన భోజనమే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిన్నారు. తింటూ తింటూ ఆమె భర్త భుజం మీదే నిద్రపోయింది.

పొద్దున గదులు ఊడ్చే అక్క వచ్చింది.

"నిద్ర పట్టిందా అమ్మా? ఈ గుమ్మం ముందు చెక్కలు తెగ అరుస్తాయి."

చెప్తూనే ఒక చెక్కని కాలితో నొక్కింది. చప్పుడు లేదు. పక్కదాన్ని నొక్కింది. అదీ పలకలేదు.

వంగి, తలలో పిన్ను తీసి సందులో గీకింది. తెల్లపొడి వచ్చింది. వాసన చూసింది.

"ముఖం పౌడరే! సందుల్లో ఇది నింపితే చెక్కలు రాసుకోవు. ఈ కిటుకు పెద్దాయనదే. ఏరీ, లేచారా?"

ఆమె మెట్ల వైపు చూసింది. "రాత్రే... వెళ్ళిపోయారు."

అక్క చూపు కిటికీ గట్టు మీద ఆగింది. డబ్బా అందుకుని ఊపి చూసింది. ఖాళీ.

"అయ్యో, దీని మూత ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదే!"

"ఎవరక్కా ఆయన?"

అక్క డబ్బాని కొంగుతో మెల్లగా తుడిచింది.

"ఏటా నిన్నటి రోజున, వాళ్ళ పెళ్ళిరోజున వచ్చి, ఆ ఎదురుగది అద్దం ముందు ఈ డబ్బా పెట్టుకుని కూర్చుంటారమ్మా, ఈ నేల బాగుచేసిన వడ్రంగి ఆయనే, ఈ పౌడరు పోయిన వాళ్ళావిడది."