తొణకని గ్లాసు

"పేర్లు వద్దన్నారు, మొహాలు వద్దన్నారు, ఇప్పుడు గొంతు కూడా వద్దంటే ఎలాగమ్మా?" పెద్దాయన వాకీటాకీని విసురుగా బల్ల మీద పెట్టాడు.

"గొంతు వింటే ఆడో మగో తెలిసిపోదూ? చేతి సైగలు చాలు బాబాయ్," అంది ఆఫీసరమ్మ.

"సరే తల్లీ. మీ ఇష్టం."

పెద్దాయన ముప్ఫయ్యేళ్లుగా ఆ యార్డులో పెద్ద క్రేను నడుపుతున్నాడు. నెలాఖరుకి దిగిపోతాడు. ఆ కుర్చీ ఎవరిదన్నది ఇవాళ తేలాలి. ఇన్నాళ్లూ మనిషి వాలకం చూసి, ఎవరి తాలూకో అడిగి ఎక్కించేవారు. మనకి తెలియకుండానే మన కళ్లు మనల్ని మోసం చేస్తాయని పైవాళ్లతో పోట్లాడి మరీ ఆమె ఈ నంబర్ల పరీక్ష పెట్టించింది. ఇది బెడిసికొడితే మళ్లీ పాత పాటే.

దరఖాస్తులు ఏడొచ్చాయి. ఆమే ఎర్ర పెన్ను పట్టుకుని వడపోసి ముగ్గురిని పిలిచింది. వాళ్లలో గోదాములో చిన్న బండి నడిపే అమ్మాయి ఒకతె. ఆ పిల్ల గెలిస్తే బాగుండునని ఆఫీసరమ్మకి లోపల ఉంది. పైకి అంటుందా, రూలు పెట్టిందే తనాయె!

పరీక్ష చెప్పుకోడానికి సులువే. ఇనుప పెట్టె మీద అంచుదాకా నీళ్లు నింపిన గాజు గ్లాసు ఉంటుంది. పెట్టెని ఎత్తి, కొండలా పేర్చిన సరుకు మీదుగా దాటించి, అవతల సుద్దతో గీసిన గడిలో దించాలి. నడిపేవాళ్లు వెనక మెట్ల మీంచి ఎక్కుతారు. కిందనుంచి చూస్తే కేబిన్ అద్దంలో మబ్బులే తప్ప మనిషి కనపడరు.

మొదటి మనిషి సగం నీళ్లు ఒలకబోశారు. రెండో మనిషికి గ్లాసే పడి పగిలింది. మూడో మనిషి నయం, రెండు వేళ్ల మందం నీళ్లు మాత్రం ఒలకబోసి దించారు.

"అయిపోయింది కదా," అంటూ ఆఫీసరమ్మ లేచింది. కేబిన్లో దీపం రెండుసార్లు వెలిగి ఆరింది. ఎవరో సిద్ధంగా ఉన్నారు.

"నాలుగో నంబరమ్మా," అన్నాడు పెద్దాయన, ఎటో చూస్తూ.

"నేను పిలిచింది ముగ్గురినే! ఎవరీ నాలుగో మనిషి?"

"పేరు అడక్కూడదని మీరేగా చెప్పారు?"

ఆమెకి ఒళ్లు మండింది. పెద్దాయనకి ఉద్యోగం లేని మేనల్లుడు ఒకడున్నాడని యార్డులో అందరికీ తెలుసు. ఇంత పోట్లాడి పెట్టిన పరీక్షలో దొడ్డిదారిన చుట్టాన్ని ఎక్కిస్తాడా!

ఈలోగా పెట్టె గాల్లో ఉంది. నేల ఎప్పుడు వదిలిందో ఎవరూ చూడలేదు. గాలి లేచింది. పెట్టె ఊగబోయే వైపుకి కొక్కెం ముందే జరిగి దాన్ని ఆపుతోంది, పడబోయే పసిబిడ్డ వెనక చెయ్యి పెట్టినట్టు. ఆమె కోపం మర్చిపోయి నోరు తెరుచుకుని చూస్తోంది.

సరిగ్గా సరుకు నడినెత్తిన ఉండగా భోజనాల సైరన్ కొట్టింది. యార్డంతా ఉలిక్కిపడింది. ఆఫీసరమ్మ చేతిలో టీ చీర మీద పడింది. పెట్టె మాత్రం ఇసుమంతైనా చలించలేదు. అలాగే వచ్చి, గీత తాకకుండా, గడి మధ్యలో దిగింది.

ఆమె పరుగున వెళ్లి వంగి చూసింది. నీళ్లు గ్లాసు అంచుకి పైన ఉబ్బెత్తుగా అలాగే నిలబడి ఉన్నాయి. అందులో మబ్బు నీడ కదులుతోంది గానీ నీళ్లు కదలడం లేదు. మనిషి చెయ్యి ఇంత చేయగలదా!

చుట్టూ ఈలలు, చప్పట్లు. కేబిన్లోంచి ఉలుకూ పలుకూ లేదు.

పెద్దాయన హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. "నిండుకుండ తొణకదంటారు. నా చేతిలో మాత్రం ఈ ముప్ఫయ్యేళ్లూ ఎప్పుడూ ఓ చుక్క తొణికేదమ్మా."

ఆమె పెన్ను తీసింది. "మీరు చేసింది తప్పు బాబాయ్. కానీ మీ మేనల్లుడే కానివ్వండి, ఎవరన్నా కానివ్వండి, ఆ కుర్చీ ఈ మనిషిదే. ఇప్పుడే సంతకం పెడతాను."

"మేనల్లుడా!" పెద్దాయన పకపకా నవ్వాడు. "వాడు మేడ మెట్లెక్కితేనే కళ్లు తిరిగి కూలబడతాడు. పేరు చూడొద్దు, మొహం చూడొద్దు అన్నారే, ఆ మాట నాకు భలే నచ్చిందమ్మా. అందుకే మీ వడపోతలో పోయిన కాగితాల్లోంచి ఒకటి ఏరుకొచ్చాను."

జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. ఆమె విప్పింది. లైసెన్సు ఉంది. వేరే యార్డులో తొమ్మిదేళ్ల అనుభవం ఉంది. ఒక్క ప్రమాదం లేదు. వీటిలో ఒక్క ముక్క కూడా చదివిన గుర్తు ఆమెకి లేదు.

కాగితానికి అడ్డంగా, ఎర్ర సిరాతో, తన చేతిరాతే ఉంది: "పుట్టుచెవుడు, పిలవక్కర్లేదు."