సుద్ద గుర్తులు

అక్క వాళ్ళ హాలు గోడకు పోయిన వారమే నేను వేసిన రంగు అప్పుడే బుడగలు కట్టింది. చీకటి పడ్డాక వెళ్ళి చూశాను.

"లోపల తడి ఉంటే ఇలాగే పొంగుతుందక్కా. పొంగిన చోటల్లా గీకెయ్యాలి."

గీకాల్సిన చోటు మర్చిపోకుండా ఒక్కో బుడగ చుట్టూ సుద్దతో సున్నా చుట్టడం నా అలవాటు. అన్నీ చుట్టేసి, గీకే రేకు కోసం బండి దగ్గరికి వెళ్ళొచ్చాను.

సున్నాలన్నీ ఉన్నాయి. వాటిలో బుడగలే లేవు. అరచేత్తో తడిమితే గోడ నున్నగా, పొడిగా తగిలింది. మరి ఇందాక నేను చూసిందేమిటి?

ఇల్లంతా చడీచప్పుడూ లేదు. అంతలో లోపలి గదిలోంచి అక్క నవ్వు.

"ఒరే తమ్ముడూ, నిద్రపోతున్న పాప వీపు మీద కూడా చుట్టావేంట్రా సున్నా?"

ఆ గదిలో నేను అడుగే పెట్టలేదు.