తెర ఎత్తను

"తెర ఎత్తవే!"

"ఎత్తను."

హెడ్‌మిస్ట్రెస్ తల పైకెత్తి చూసింది. లైట్లు బిగించడానికి వేదికకు పైన కట్టిన చెక్కబల్ల మీద, చీకట్లో, ఎవరో పిల్ల కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. తెర తాడును కడ్డీకి చుట్టేసి కొస ఒళ్లో పెట్టుకుంది. దుమ్ముకు మొహం మీద గుడ్డ కట్టుకుంది. కళ్లు తప్ప ఏమీ కనబడడం లేదు. తాడు లాగే పని పెద్ద తరగతి పిల్లలది. వాళ్లలోనే ఎవరో తలపొగరుది అనుకుంది హెడ్‌మిస్ట్రెస్.

తెరకు అవతల హాలు నిండిపోయింది. మొదటి వరుసలో బడి చైర్మన్, ఆయన పిలిచిన అతిథులు. సంగీతం టీచర్ తెర ముందు కూర్చుని కీబోర్డు మీద మొదటి పాట ఎత్తుగడ వాయించిందే వాయిస్తోంది.

"ఎవర్తివే నువ్వు? పేరు చెప్పు!"

"తాడు నా చేతిలో ఉంది. పేరుతో పనేంటి మేడమ్?"

అట్ట చెట్లు మోస్తున్న పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడమ్ అటు తిరిగేసరికి నవ్వు మింగేశారు.

"నీకేం కావాలే?"

"పాడే పిల్ల ముందుకు రావాలి. గోడ వెనక దాచిపెట్టడానికి అదేమైనా దొంగతనం చేసిందా?"

సంగతి ఇది. ఈ నాటకంలో రాణి పాటలన్నీ పాడేది సెట్లకు రంగులు వేసే ఆవిడ కూతురు. వేషం కూడా మొదట దానిదే. చివర్లో వేషం కాస్తా చైర్మన్ కూతురికి వెళ్లిపోయింది. పాట మాత్రం వెళ్లలేదు. అది చైర్మన్ కూతురి వల్ల కాదు. అందుకని రంగులావిడ కూతురు అట్ట గోడ వెనక మైకు పట్టుకుని పాడాలి, చైర్మన్ కూతురేమో ముందు నిలబడి పెదాలు కదపాలి. ఒకరి గొంతు కోసి ఇంకొకరికి అతికించే ఈ పనికి బడిలో కళాపోషణ అని పేరు. కొత్త రాణిగారు రిహార్సల్‌కు ఒక్క పూట వచ్చి నడక చూపించుకుని వెళ్లింది. నోరు తెరిచే అవసరమే రాలేదు.

"నిచ్చెనేదయ్యా? ఎక్కి దించు దాన్ని!" హెడ్‌మిస్ట్రెస్ వడ్రంగి మీద పడింది.

"పైకి లాగేసుకుంది మేడమ్."

"లాగేస్తుంటే నువ్వేం చేస్తున్నావ్?"

"మేకు కొడుతున్నానండీ. చూపు పక్కకు పోతే వేలు పోతుంది."

ఇంతలో రంగులావిడ చేతిలో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది. "దిగు తల్లీ, నీకు దండం పెడతా. నువ్వు దిగి హాయిగా ఇంటికి పోతావ్. రేపు బడి నుంచి గెంటేది మా పిల్లని!"

మేడమ్‌కు దారి దొరికింది. గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటే విసిరింది.

"విన్నావుగా? ఇప్పుడు తెర లేవకపోతే టీసీ నీకు కాదు, ఆ పాడే పిల్లకి. నీ మూలంగా దాని చదువు మట్టిగొట్టుకుపోయిందని బతికినన్నాళ్లూ ఏడుద్దువు గాని."

పైన తాడు ఒక చుట్టు వదులైంది. తెర అడుగు అంచు కొద్దిగా కదిలింది.

అట్ట గోడ వెనక నుంచి పాడే పిల్ల బయటికొచ్చింది. మైకు కింద పెట్టేసింది.

"వదలకు," అంది పైకి చూసి.

"నోర్ముయ్యవే పిచ్చిదానా!" తల్లి దాని చెయ్యి పట్టి లాగింది.

"నువ్వూరుకో అమ్మా. చాటున పాడి పాడి నాకే నా గొంతంటే సిగ్గేస్తోంది. టీసీ ఇస్తే ఇవ్వనీ."

పైన తాడు మళ్లీ బిగిసింది.

"నాకూ ఒకటి రాసెయ్యండి మేడమ్. మా నాన్న చేత సంతకం పెట్టించి తెస్తా!"

హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. మెచ్చుకునే చప్పట్లు కావు, విసిగిపోయినవి. ఎవరో ఈల వేశారు. మేడమ్ నుదుటి చెమట తుడుచుకుని మేకప్ ఆవిడ వైపు తిరిగింది.

"రాణి సంగతేంటి?"

"గది తలుపు వేసుంది మేడమ్. పిలవమంటారా?"

"వద్దొద్దు! అసలే చైర్మన్ గారమ్మాయి. ఈ రభస చెవిన పడిందంటే ఇంకేమైనా ఉందా!"

పక్క తలుపు ధడాలున తెరుచుకుంది. చైర్మన్.

"ఏంటండీ ఇది? అంతమంది ముందు నా పరువు తీస్తారా?"

"ఎవరో పనికిమాలిన పిల్ల సార్, తాడు పట్టుకు కూర్చుంది. మన అమ్మాయిని పక్కకు తప్పించి, ఈ రంగులావిడ కూతుర్ని రాణిని చెయ్యాలట."

చైర్మన్ పైకి చూశాడు. ఇంతసేపూ మాటకు మాట అప్పజెప్పిన పిల్ల కిక్కురుమనలేదు. గుడ్డను ఇంకాస్త కళ్ల దాకా లాక్కుంది.

"చూశారా, నన్ను చూడగానే నోరు పడిపోయింది!" చైర్మన్ అందరి వైపూ తిరిగాడు. పాడే పిల్ల కళ్లు దించుకుంది. తల్లి దాన్ని వెనక్కి దాచుకుంది. "ఆ పైనున్నదాన్నని ఏం లాభం? ఇలాంటిదాన్ని కని, మంచీ మర్యాదా నేర్పకుండా మన మీదకు వదిలాడే, ఆ తండ్రిననాలి. ఎవడో వాణ్ని రప్పించండి. ఇక్కడే, ఈ పనివాళ్లందరి ముందు చెంపలు వేసుకోవాలి వాడు. వేసుకునేదాకా ఈ తెర లేవడానికి వీల్లేదు!"

వడ్రంగి సుత్తి కింద పెట్టాడు. పైనుంచి, మొహానికి కట్టిన గుడ్డ జారి వచ్చి చైర్మన్ బూట్ల దగ్గర పడింది.

"వేసుకోండి నాన్నా, తెర ఎత్తేస్తాను."