నలభై శాతం వేగం

చెవి వెనక జ్ఞాపకాల చిప్పు లేని మనిషి కాకినాడలో కనిపించడం మానేసిన రోజుల్లో, కొత్త తరం చిప్పు వస్తోందని తెలిసింది. దానితో పాత సంగతులు గుర్తుకొచ్చే వేగం నలభై శాతం పెరుగుతుందని వైకుంఠరావు, పదిహేను దాటదని పక్కింటి పేర్రాజు పార్కులో గొంతులు చించుకున్నారు. చిప్పు లోపల ఏముంటుందో ఇద్దరికీ తెలియదు. పంతం నెగ్గించుకోవడానికి వైకుంఠరావు అందరికంటే ముందు వెళ్లి కొత్తది పెట్టించుకొచ్చాడు.

ఆ సాయంత్రం పెసరట్టు తిరగేస్తూ భార్య ఇందుమతి, "ఏవండీ, మన పెళ్లయిన కొత్తలో తుని స్టేషన్లో..." అంది.

"మనం దిగి టీ తాగుతుంటే రైలు వెళ్లిపోయింది. నువ్వు ఏడ్చావు," అన్నాడాయన ఠక్కున. తన వేగానికి తనకే ముచ్చటేసింది.

ఆవిడ మరో కబురు ఎత్తింది. దాన్నీ ఆయనే ముగించేశాడు. ఆ తర్వాత ఆవిడ ఇంకేమీ ఎత్తలేదు. మర్నాడు భోజనం దగ్గర గరిటె చప్పుడు తప్ప మరేమీ వినపడలేదు. ఇన్నాళ్లూ ఆవిడ కబుర్లతోనే తనకు అన్నం సహిస్తోందని వైకుంఠరావుకు అప్పుడు అర్థమైంది.

"తునిలో ఏదో జరిగిందన్నావు, ఏంటది?" అన్నాడు అమాయకంగా మొహం పెట్టి.

ఆవిడ అనుమానంగా చూసి, మెల్లగా మొదలుపెట్టింది. ఆయన మాట జారకుండా నాలుక నొక్కిపట్టుకుని, "అయ్యో, తర్వాత?" అంటూ విన్నాడు.

మర్నాడు పార్కులో, "ఇంతకీ వేగం ఎంత పెరిగిందండీ?" అని పేర్రాజు నిలదీశాడు.

"నలభై శాతమే, నేనే నెగ్గాను. కానీ ఆ వేగాన్ని మా ఆవిడ దగ్గర దాచలేక చస్తున్నాననుకోండి."